పెద్ద దుకాణం మన ఊరికి వచ్చేనా?

ఉద్దెర ఖాతాలో దాగిన వడ్డీ లెక్క

మోస్రా: పట్నంలో ఉన్న కొడుకు దగ్గరికో, కూతురు దగ్గరికో వెళ్ళి వచ్చేవారి సంచిలో ఒకప్పుడు పండ్లు, మిఠాయిలు ఉండేవి. ఇప్పుడు సబ్బులు, నూనె ప్యాకెట్లు, టీ పొడి, బట్టల పొడి కూడా ఉంటున్నాయి. డీమార్టులో చవక అనే మాట వాటితో పాటే ఊళ్ళోకి వస్తోంది. అలాంటి దుకాణం మన వైపు కూడా ఒకటి పెడితే ఎంత బాగుండునన్న ఆశ మోస్రాలోనూ, వర్ని రోడ్డు మీది ఊళ్ళలోనూ చాలామందికి ఉంది.

ఈ ఆశలో తప్పేమీ లేదు. నెల సరుకుల బిల్లులో నూటికి పది రూపాయలు మిగిలినా పేద, మధ్యతరగతి సంసారానికి అది చిన్న మొత్తం కాదు. పైగా 2019లో వర్ని మండలం నుంచి విడిపోయి మోస్రా మండల కేంద్రమైంది. ఆఫీసులు వచ్చిన ఊరికి పెద్ద దుకాణం కూడా వస్తుందనుకోవడం సహజం. అయితే ఆఫీసు సర్కారు ఉత్తర్వుతో వస్తుంది. దుకాణం లెక్క చూసుకుని వస్తుంది. ఆ లెక్క ఏమిటో మనమూ ఒకసారి వేసి చూడటం మంచిది.

రోజుకు 37 లక్షల గిరాకీ

డీమార్టు మొదటి దుకాణం 2002లో ముంబయిలోని పోవాయిలో తెరిచారు. 2024 మార్చి నాటికి ఆ సంస్థకు దేశంలో 365 దుకాణాలు ఉన్నాయి. 2025 మార్చి నాటికి అవి 415 అయ్యాయి. 2023-24 సంవత్సరంలో దాని అమ్మకాలు సుమారు 49,500 కోట్ల రూపాయలు. 365 దుకాణాలకు పంచి చూస్తే ఒక్కో దుకాణానికి ఏడాదికి 135 కోట్లు వస్తుంది. అంటే పండుగ, వాన, ఎండ అనే భేదం లేకుండా రోజుకు దాదాపు 37 లక్షల రూపాయల సరుకు అమ్ముడుపోవాలి. ఒక్కో దుకాణం విస్తీర్ణం సగటున 40 వేల చదరపు అడుగుల పైమాటే. చాలా చోట్ల స్థలం, భవనం ఆ సంస్థ సొంతం. అంత పెట్టుబడి పెట్టేవారు జనం ఎందరున్నారో చూడకుండా పునాది తీయరు.

ఇప్పుడు మన వైపు లెక్క. కేంద్ర ప్రభుత్వం 2023-24లో చేసిన గృహ వినియోగ సర్వే ప్రకారం దేశంలో పల్లెటూరి మనిషి సగటు నెల ఖర్చు 4,122 రూపాయలు. అందులో తిండి ఖర్చు నూటికి 47 వంతులు, అంటే దాదాపు 1,940 రూపాయలు. పాలు, కూరగాయలు, మాంసం, హోటలు చాయ్ అన్నీ అందులోనే ఉన్నాయి. వాటిని తీసివేసి, సబ్బులు, పేస్టు వంటివి కలుపుకుని, పెద్ద దుకాణంలో కొనదగినవి మనిషికి నెలకు వెయ్యి రూపాయలవి ఉంటాయనుకుందాం. ఏడాదికి 12 వేలు. ఈ లెక్కన 135 కోట్ల వ్యాపారం కావాలంటే లక్షా పన్నెండు వేల మంది, ఇంకెక్కడా ఒక్క సబ్బు బిళ్ళ కొనకుండా, ఆ ఒక్క దుకాణానికే రావాలి.

మోస్రా మండలమంతా కలిసినా లక్ష మంది లేరు. చుట్టుపక్కల మండలాల జనమంతా ఒకే గుమ్మం తొక్కితే తప్ప ఈ లెక్క కుదరదు. కాబట్టి అంత పెద్ద దుకాణం మోస్రాకు రాకపోతే అది మన ఊరి మీద చిన్నచూపు కాదు. అది జనాభా లెక్క. రేపు మరో సంస్థ చిన్న దుకాణంతో రావచ్చు. అయినా అదీ ఇదే విధంగా లెక్క వేసుకునే వస్తుంది.

నెల జీతం, పంట పైసలు

జనం సంఖ్యతో పాటు మరో విషయం కూడా ఉంది. పెద్ద దుకాణాలకు నెలనెలా చేతికి నగదు వచ్చే గిరాకీ కావాలి. మన ప్రాంతంలో పైసలు వచ్చే తీరు వేరు. 1923 నుంచి 1931 వరకు కట్టిన నిజాంసాగర్ ఈ నేలను మాగాణి చేసింది. వానాకాలం పంట ఒకసారి, యాసంగి పంట ఒకసారి చేతికి వస్తాయి. వడ్లు కేంద్రంలో తూచి, డబ్బు బ్యాంకు ఖాతాలో పడేదాకా ఇంట్లో చేయి ఆడదు. కూలి చేసుకునేవారికి నాట్లు, కోతల రోజుల్లో చేతినిండా పని ఉంటుంది. మిగతా రోజుల్లో వెతుక్కోవాలి.

బోధన్ వైపు పరిస్థితి ఒకప్పుడు కొంత వేరుగా ఉండేది. 1937లో శక్కర్‌నగర్‌లో స్థాపించిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ వల్ల కార్మికులకు నెల జీతాలు, రైతులకు చెరకు బిల్లులు వచ్చేవి. ఆ పైసలు బోధన్ బజారులో తిరిగేవి. 2002లో ఫ్యాక్టరీ ప్రైవేటు యాజమాన్యం చేతికి వెళ్ళింది. 2015 డిసెంబరులో మూతపడింది. ఫ్యాక్టరీ ఆగితే దెబ్బ కార్మికుడికి, చెరకు రైతుకు మాత్రమే తగలదు. నెల మొదటి వారంలో నగదు గిరాకీ ఉన్న బజారుకు కూడా తగులుతుంది. పెద్ద వ్యాపారులు కొత్త ఊరు చూసేటప్పుడు ఇక్కడ నెల జీతగాళ్ళు ఎందరని అడగడానికి కారణం ఇదే.

ఇంటికి పంట పైసలు ఏడాదికి రెండుసార్లే వస్తాయి. పొయ్యి మాత్రం రోజూ వెలగాలి. ఈ రెంటికీ మధ్య ఉన్న గండిని ఇన్నేళ్ళుగా పూడుస్తున్నది ఊళ్ళోని కిరాణం సేటు ఖాతా పుస్తకం.

చవక ఎక్కడి నుంచి వస్తుంది?

పెద్ద దుకాణంలో ధర ఎందుకు తగ్గుతుందో తెలుసుకుంటే మన దుకాణంలో ఎందుకు తగ్గదో కూడా తెలుస్తుంది. ఒకటి, వాళ్ళు లారీల కొద్దీ కొంటారు. రెండు, సరుకు పంపిన కంపెనీలకు డబ్బు త్వరగా చెల్లిస్తుందని వ్యాపార వర్గాల్లో డీమార్టుకు పేరు. బాకీ పెట్టని కొనుగోలుదారుకు ఏ కంపెనీ అయినా ధర తగ్గించి ఇస్తుంది. మూడు, గిరాకీ దగ్గర రొక్కం తీసుకోకుండా ఒక్క అగ్గిపెట్టె కూడా బయటికి పోనివ్వరు. పైసలు ఎక్కడా ఆగవు. సరుకు త్వరగా అమ్ముడుపోతుంది, కాబట్టి తక్కువ లాభానికి ఎక్కువసార్లు అమ్ముకోగలరు.

మన ఊరి సేటు సంగతి చూడండి. ఆయన నిజామాబాద్ గంజ్‌లో టోకు వ్యాపారి దగ్గర పది బస్తాలు తెస్తాడు, పది లారీలు కాదు. గిరాకీ బాకీ ఉంది కాబట్టి ఆయన కూడా టోకు వ్యాపారికి బాకీ పడతాడు. బాకీ పడ్డవాడు ధర గురించి గట్టిగా బేరం చేయలేడు. దుకాణం గోడ మీద ‘అప్పు రేపు’ అని రాసి పెట్టినా, ఎదురుగా నిలబడ్డది పక్కింటి మనిషైతే పుస్తకం తీయక తప్పదు. కొందరి బాకీ రెండు పంటలు దాటుతుంది. కొన్ని బాకీలు అసలే రావు. ఆ నష్టమంతా ఆయన ఎక్కడ కలుపుకుంటాడు? సరుకు ధరలోనే.

పట్నం ధర చూసి వచ్చి సేటు దోచుకుంటున్నాడనే ముందు ఈ సంగతి గమనించాలి. ఆ తేడాలో కొంత ఆయన లాభం, కొంత తక్కువగా కొనడం వల్ల పడే భారం. మిగతాది మనం తీసుకున్న ఉద్దెర మీద వడ్డీ. అది చీటీ మీద వడ్డీ అని రాసి ఉండదు. పప్పు ధరలో, నూనె ధరలో కలిసి ఉంటుంది. అందుకే కనపడదు. అన్యాయం ఎక్కడంటే, రొక్కం ఇచ్చి కొనేవారు కూడా అదే ధర ఇస్తున్నారు. అంటే ఒకరి బాకీకి మరొకరు వడ్డీ కడుతున్నారు.

వడ్డీ విడదీసి చూస్తే

ఒక ఇంటి లెక్క వేసి చూద్దాం. జూలై నుంచి నవంబరు దాకా అయిదు నెలలు, నెలకు 4,000 రూపాయల సరుకులు ఖాతాలో రాయించుకున్నారనుకుందాం. నగదు ధర ప్రకారం మొత్తం 20 వేలు. ఉద్దెర ధర నూటికి 8 రూపాయలు ఎక్కువనుకుంటే, వడ్ల పైసలు రాగానే కట్టవలసింది 21,600. ఉద్దెర ఖరీదు 1,600 రూపాయలు.

ఇప్పుడు అదే ఇల్లాలు మహిళా సంఘంలో నూటికి నెలకు రూపాయి వడ్డీకి అప్పు తీసుకుని, ప్రతి నెలా రొక్కంతో సరుకులు తెచ్చిందనుకుందాం. జూలైలో తీసుకున్న 4,000 అయిదు నెలలు ఉంటుంది. నవంబరులో తీసుకున్నది ఒక నెలే ఉంటుంది. సగటున మూడు నెలలు. 20 వేలకు మూడు నెలల వడ్డీ 600 రూపాయలు. అంటే వెయ్యి రూపాయలు మిగిలినట్టే. పెద్ద దుకాణం ఊరికి రాకుండానే, ఉన్న దుకాణంలోనే మిగిలే డబ్బు ఇది. సేటుకు కూడా చేతిలో రొక్కం పడుతుంది. ఆయన గంజ్‌లో బేరం చేసి తేగలడు.

అయితే ఒక జాగ్రత్త ఉంది. సరుకుల కోసం తెచ్చిన అప్పు సరుకులకే పోవాలి. చీరకో, ఫోనుకో పోతే ఖాతా బాకీ ఒక పక్క, సంఘం బాకీ మరో పక్క పెరుగుతాయి. అప్పు చేసి పప్పు కూడు అనే మాట పెద్దలు ఊరికే అనలేదు.

బోర్డులు మారిన దుకాణాలు

పెద్ద సంస్థ వస్తే ఇక చింత లేదనుకోవడం కూడా సరికాదు. 1986లో హైదరాబాదులో మొదలైన త్రినేత్ర దుకాణాలు ఒకప్పుడు నగరవాసులకు ఎంతో ఇష్టమైనవి. 2007లో వాటిని ఆదిత్య బిర్లా సంస్థ కొనేసింది. బోర్డు మారి ‘మోర్’ అయింది. 1997లో చెన్నైలో మొదలైన సుభిక్ష దేశమంతటా దాదాపు 1,600 దుకాణాల దాకా పెరిగి, 2009లో ఒక్కసారిగా కూలిపోయింది. హెరిటేజ్ సంస్థ తన చిల్లర దుకాణాలను 2016లో ఫ్యూచర్ సంస్థకు ఇచ్చేసింది. ఆ ఫ్యూచర్ దుకాణాలు కూడా 2022లో చేతులు మారాయి.

నగరంలో ఒక దుకాణం మూతపడితే పక్క వీధిలో మరొకటి ఉంటుంది. పల్లెలో అలా కాదు. పెద్ద దుకాణం వచ్చి, చిన్న దుకాణాలు మూతపడి, ఆ తరువాత లాభం లేదని పెద్దది కూడా వెళ్ళిపోతే ఊరికి ఏదీ మిగలదు. అర్ధరాత్రి చుట్టం వచ్చినప్పుడు తలుపు తట్టితే లేచి చక్కెర తూచి ఇచ్చేది ఊరి సేటే. పది రూపాయల నూనె, అయిదు రూపాయల చాయ్ పత్తా అడిగినా విసుక్కోకుండా ఇచ్చేది కూడా ఆయనే. దూరపు కొండలు నునుపు అన్నట్టు, దగ్గరి దుకాణం విలువ అది పోయాక గాని తెలియదు.

ఉచిత బస్సుతో మారిన బేరం

2023 డిసెంబరు 9 నుంచి రాష్ట్రంలో ఆడవాళ్ళకు పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ ఆర్టీసీ బస్సుల్లో టికెట్టు లేదు. దాంతో ఒక పెద్ద మార్పు వచ్చింది. పెద్ద దుకాణం ఊరికి రాకపోయినా, ఊరి ఇల్లాలు పెద్ద బజారుకు పోవడం తేలికైంది. నెలకొకసారి ఇందూరు వెళ్ళి నెల సరుకులు తెచ్చుకోవచ్చు. అయితే లెక్కలో రోజు కూలి కలపాలి. బస్టాండు నుంచి దుకాణానికి ఆటో చార్జీ కలపాలి. అవసరం లేకపోయినా బుట్టలో పడ్డ వస్తువుల ఖరీదు కూడా కలపాలి. చీటీ రాసుకుని పోయినవారికే అక్కడ లాభం. కనపడిందల్లా బుట్టలో వేసేవారికి చవక సరుకు కూడా ఖరీదే.

2025 ఉగాది నుంచి తెల్ల కార్డువారికి మనిషికి ఆరు కిలోల చొప్పున సన్న బియ్యం ఇస్తున్నారు. కాబట్టి చాలా ఇళ్ళలో బియ్యం ఖర్చు తగ్గింది. ఇక బరువంతా నూనె, పప్పు, మిర్చి, సబ్బుల మీదే. చవక వెతకవలసింది ఈ నాలుగింటి దగ్గరే.

రొక్కం కొనుగోలే వాళ్ళ బలం

సాధారణ జనమే కలిసి చవక దుకాణం పెట్టుకున్న ఉదాహరణలు లోకంలో లేకపోలేదు. ఇంగ్లాండులోని రోచ్‌డేల్ అనే ఊళ్ళో 28 మంది, వారిలో చాలామంది నేత పనివారు, తలా కొంత పోగు చేసి 1844 డిసెంబరులో ఒక చిన్న కొట్టు తెరిచారు. పిండి, వెన్న, చక్కెర వంటి నాలుగైదు సరుకులతోనే మొదలుపెట్టారు. కల్తీ లేని సరుకు, సరైన తూకం, ఉద్దెర లేని అమ్మకం, మిగిలిన లాభం కొన్నవారికే పంపకం. ఇవి వారి నియమాలు. నేటి సహకార సంఘాలకు దారి చూపింది ఆ కొట్టే.

కేరళలో 1974లో సప్లైకో అనే ప్రభుత్వ సంస్థ ఏర్పడింది. 1980 నుంచి మావేలి దుకాణాల పేరుతో పల్లెలకు కూడా తక్కువ ధర సరుకులు చేర్చింది. ఇప్పటికీ అక్కడి ప్రజలకు అది అండ. కానీ 2023లో సరుకు పంపినవారికి బాకీలు పేరుకుపోవడంతో చాలా దుకాణాల్లో అరలు ఖాళీ అయ్యాయి. సర్కారు దుకాణమైనా బాకీ పడితే సరుకు రాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

మన వద్ద కూడా అనుభవం ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో వెలుగు పథకం, తరువాత ఇందిర క్రాంతి పథం కాలంలో గ్రామ సమాఖ్యల మహిళలు బియ్యం, కొన్ని చోట్ల పప్పు, నూనె టోకున కొని సభ్యులకు ఇచ్చేవారు. సభ్యులు వాయిదాల్లో కట్టేవారు. ఉద్దెర ఉంది, అయితే దాని లెక్క అందరి ముందు ఉండేది. కట్టడం నిలిచిన చోట సరుకు రాక కూడా నిలిచేది. 1956లో మొదలైన ముల్కనూరు సహకార బ్యాంకు నేటికీ పేరుతో నిలబడిందంటే అప్పు వేళకు కట్టే క్రమశిక్షణే ప్రధాన కారణం.

ఇక్కడ ఏం చేయవచ్చు?

ముందుగా ప్రతి సేటునూ అడగవలసింది ఒకటే. నగదు ధర ఎంత, ఉద్దెర ధర ఎంత అని రెండూ పలక మీద రాయమనాలి. రెండు ధరలు కనపడితే ఎవరికి ఏది లాభమో వారే తేల్చుకుంటారు. రొక్కం ఇచ్చేవారు ఇతరుల వడ్డీ మోయవలసిన పని ఉండదు.

రెండవది, గ్రామ సమాఖ్య గాని సొసైటీ గాని అన్ని సరుకుల దుకాణం ఒక్కసారే పెట్టనవసరం లేదు. అందరూ తప్పక కొనే నూనె, పప్పు, సబ్బు వంటి నాలుగు సరుకులతో మొదలుపెట్టవచ్చు. ఎన్ని ఇళ్ళకు ఎంత కావాలో ముందే రాసుకుని, పైసలు ముందే పోగు చేసి, నెలకొకసారి గంజ్ నుంచి తెచ్చి పంచితే దుకాణం అద్దె కూడా ఉండదు. మిగిలిపోయే సరుకు ఉండదు. ఊరి సేటునే కమీషన్ మీద తెమ్మన్నా తప్పు లేదు. మన పసుపు కొమ్ములుగా పోయి పొడి ప్యాకెట్టుగా తిరిగి వస్తోంది. మన వడ్లు మిల్లుకు పోయి సంచి మీద పేరుతో వస్తున్నాయి. ఆ రెండూ ఇక్కడే పట్టించుకుంటే దారి ఖర్చులు మిగులుతాయి.

మూడవది, పెద్ద దుకాణంలో మనకు నచ్చిన తూకం, తేదీ, ధర మన హక్కులే. 2009 నాటి తూనికల కొలతల చట్టం ప్రకారం ప్యాకెట్టు మీద గరిష్ఠ ధర, బరువు, తయారైన నెల ముద్రించి ఉండాలి. దానికి మించి ఒక్క రూపాయి తీసుకోరాదు. చల్లని సీసాకు కూలింగ్ పేరుతో ఎక్కువ వసూలు చేయరాదు. ఎలక్ట్రానిక్ కాంటాకు ఏడాదికోసారి ముద్ర వేయించాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి సబ్బు, పేస్టు, షాంపూ, తలనూనె, బిస్కెట్ల మీద పన్ను 18 నుంచి 5 శాతానికి తగ్గింది. ఆ తగ్గింపు మన చేతికి అందిందో లేదో పాత ప్యాకెట్టు, కొత్త ప్యాకెట్టు పక్కపక్కన పెట్టి చూడాలి. బస్తాలోంచి విడిగా తూచి అమ్మే పప్పు, బియ్యం మీద పన్ను లేదు. పేరు ముద్రించిన చిన్న ప్యాకెట్ల మీద 5 శాతం ఉంది. నాణ్యత ఒకటే అయితే విడి సరుకే మేలు. ఫిర్యాదు ఉంటే 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

పెద్ద దుకాణం ఎప్పుడైనా మన దగ్గరలోకి వస్తే రానివ్వండి. పోటీ వస్తే కొనేవారికి మంచిదే. కానీ అది వచ్చిన రోజున కూడా లోపలికి పోయేది రొక్కం ఉన్నవారే. ఖాతా పుస్తకం మీద బతికే ఇంటికి దాని తలుపు తెరిచి ఉన్నా మూసి ఉన్నా ఒకటే. అందుకని ఈ వానాకాలం వడ్లు అమ్ముడుపోయి డబ్బు ఖాతాలో పడగానే ముందు సేటు బాకీ తీర్చి, వచ్చే రెండు నెలల సరుకుల డబ్బు పక్కన పెట్టుకోవాలి. సంఘాల సమావేశాల్లో ఈ ఒక్క విషయం చర్చకు పెడితే మేలు. మండల స్థాయి అధికారులు, సొసైటీ పాలకవర్గం, వ్యాపారులు ఒకచోట కూర్చుని రెండు ధరల పలకతో మొదలుపెట్టినా, మోస్రా ప్రజలు కోరుకుంటున్న చవకలో సగం ఊళ్ళోనే దొరుకుతుంది.